పెద్దపాము లేని వైకుంఠపాళి ఎవరికి కావాలి?

వైకుంఠపాళి ఆడినవాళ్లకు పెద్దపామును పరిచయం చెయ్యక్కర్లేదు. నిచ్చెనలెక్కి, చిన్నాచితకా పాముల్ని తప్పించుకుని, పరమపదం ఇక నాలుగు గళ్ల దూరంలో ఉందనగా నోరు తెరుచుకుని కనిపిస్తుంది. గవ్వ ఒక్కటి అటూ ఇటూ పడితే చాలు, పావు పటం అడుక్కి జారిపోతుంది. ఆడేవాడి తెలివితో దానికి పనిలేదు, తప్పించుకునే ఉపాయమూ లేదు. ఇదే ఆట ఇవాళ కొత్తగా కంప్యూటర్ మీద విడుదలైతే మొదటి సాయంత్రానికే తిట్ల వర్షం కురుస్తుంది. గంటసేపు పడ్డ కష్టం ఒక్క పందెంతో పోవడమేమిటి, మధ్యలో సేవ్ ఎందుకు లేదు, ఆ పామును అక్కడ పెట్టినవాడెవడు అని నిలదీస్తారు. అలాగని పామును చెరిపేసి పటం అచ్చువేస్తే ఆడేవాళ్లు ఉండరు. పై వరుసలో గవ్వలు విసిరేటప్పుడు ఇల్లంతా ఊపిరి బిగబట్టేది దాని మూలానే.

వీడియో గేముల నిండా ఇలాంటి పెద్దపాములే. కాసిని దెబ్బలకే విరిగిపోయే కత్తి, చచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి నడిపించే దారి, అడిగినచోట సేవ్ చెయ్యనివ్వని నియమం, 95 శాతం తగులుతుందని చెప్పి తగలని తూటా. వీటిని కొందరు ఆటకు ప్రాణమంటారు, కొందరు ఆట తయారుచేసినవాళ్ల మొండితనమంటారు.

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు తెలుగు కుర్రాళ్లుండే పీజీల్లో ఈ తగువు పాతదే. ఊరికి బస్సు టికెట్టు దొరకని శుక్రవారం రాత్రి ఒకే టీవీ ముందు చేరిన నలుగురిలో ఇద్దరు “అది లేకపోతే ఇంక ఆటలో ఏముందిరా” అంటారు. మిగతా ఇద్దరు “అది కష్టం కాదురా బాబూ, కక్ష” అంటారు. విచిత్రమేమిటంటే నలుగురూ ఒకే చోట, ఒకే బాస్ (దారికి అడ్డుపడే పెద్ద శత్రువు) చేతిలో, ఇంచుమించు అన్నేసి సార్లు చచ్చినవాళ్లే. కాబట్టి ఆట వచ్చినవాడికీ రానివాడికీ మధ్య గొడవని కొట్టిపారేస్తే లెక్క తేలదు. ఆ చిరాకుకు ధర ఎవరు కడుతున్నారు, ఏ రూపంలో కడుతున్నారు అన్న దగ్గరే అభిప్రాయాలు చీలిపోతున్నాయి. ఎక్కువ సందర్భాల్లో ఆ ధర టైము రూపంలో ఉంటుంది. టైము అందరి దగ్గరా ఒకేలా ఉండదు.

ఐదు ప్రాణాలు, మూడు దెబ్బలు

2025 సెప్టెంబరు 4న వచ్చిన ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ చుట్టూ జరిగిన గొడవనే తీసుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం చేసిన ఆట ఇది. 2017 నాటి మొదటి ఆట అభిమానులు దీనికోసం ఏళ్లతరబడి కాచుకున్నారు. విడుదలైన రోజు తాకిడికి ఆన్‌లైన్ స్టోర్లు కాసేపు కుప్పకూలాయి. తీరా చేతికొచ్చాక గోల మొదలైంది.

ఆట మొదట్లో ఉండే ప్రాణం ఐదు మాస్కులు. చాలా శత్రువులు, ముఖ్యంగా బాసులు, ఒక్క దెబ్బకు రెండు మాస్కులు పట్టుకుపోతాయి. అంటే పేరుకు ఐదున్నా నిజానికి మూడు దెబ్బలకే ఖేల్ ఖతం. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఎక్కడెక్కడో దాక్కున్న ముక్కలు నాలుగు ఏరుకుని ఆరో మాస్కు సంపాదించుకున్నా, రెండేసి చొప్పున పోయేచోట ఆరు కూడా మూడు దెబ్బలకే అయిపోతాయి. ఎంతో వెతికి తెచ్చుకున్న బహుమతి బాస్ ముందు చెల్లని నోటవుతుంది. ఈ సంగతి లెక్క కట్టి చూసుకున్నవాళ్లు కొద్దిమందే. లెక్క కట్టనివాళ్లకు మాత్రం ‘ఎంత బలపడినా ఏమీ మారట్లేదు’ అన్న నిస్పృహ మిగిలింది. వెనకేసుకొచ్చేవాళ్ల వాదనలోనూ బలముంది. ఈ ఆటలో వైద్యం చేసుకుంటే మాస్కులు ఒక్కొక్కటిగా రావు, ఒకేసారి మూడు వస్తాయి. తీసుకునేది రెండేసి, ఇచ్చేది మూడేసి. ఆ తూకాన్ని చూసుకునే దెబ్బలు కట్టారు.

సేవ్ కావాలంటే బెంచీ మీద కూర్చోవాలి. కొన్ని బెంచీలకు ఆ లోకంలో డబ్బుగా చెలామణీ అయ్యే జపమాల పూసలు చెల్లించాలి. హంటర్స్ మార్చ్ అనే చోటైతే, ప్రాణాలరచేత పెట్టుకుని వచ్చి హమ్మయ్యా అని కూర్చుంటే ఆ బెంచీయే ఉచ్చు. పల్లెటూరి బస్‌స్టాండులో మూడు కాళ్ల కుర్చీ మీద కూలబడినవాడి మొహం ఎలా ఉంటుందో ఆడేవాడి మొహం అలా ఉంటుంది. పక్కన చూసేవాళ్లు మాత్రం పడిపడి నవ్వుతారు. ఇదొక్కటీ చిరాకు కింద లెక్కపెట్టకూడదనిపిస్తుంది. ఇది హాస్యం, అదీ ఒక్కసారి జరిగేది.

విడుదలైన కొద్దిరోజులకే వచ్చిన మొదటి ప్యాచ్‌లో, అంటే ఆటకు చేసిన సవరణలో, మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే తొలిదశ బాసుల్ని కొంచెం తేలిక చేశారు, కొన్ని చోట్ల పూసలు ఎక్కువ దొరికేలా చేశారు, ఒక రకం బెంచీల ధర తగ్గించారు. కష్టపడుతున్నవాళ్లు ఇంత చాలదన్నారు. అప్పటికే ఆ బాసుల్ని కొట్టినవాళ్లు మా గెలుపు విలువ తగ్గించారన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

సిల్క్‌బోర్డు దాటి వచ్చాక మళ్లీ నడకా?

ఆ ఆట మీద వచ్చిన ఫిర్యాదుల్లో రెండు రకాలు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే గానీ తగువు అర్థం కాదు. బాస్ కొట్టే దెబ్బ ఒకటి. చచ్చాక బెంచీ దగ్గర లేచి, మళ్లీ బాస్ గదిదాకా చేసే ప్రయాణం ఇంకొకటి. ఆడేవాళ్లు దీన్ని రన్‌బ్యాక్ అంటారు. లాస్ట్ జడ్జ్ అనే బాస్ దగ్గరికి వెళ్లే దారి ఈ తిట్లలో పెద్ద వాటా తిన్నది. పైగా ఆ జడ్జి ఓడిపోయాక కూడా ఊరుకోదు, పేలిపోతుంది. గెలిచామని దగ్గరే నిలబడినవాడు దాంతోపాటు పోతాడు.

బాస్‌తో పోరులో ప్రతి చావూ ఏదో నేర్పుతుంది. కత్తి ఎత్తడానికి ముందు భుజం కదులుతుంది, మూడో దెబ్బ తర్వాత అరక్షణం ఖాళీ దొరుకుతుంది, ఇలా ఒక్కొక్కటే కళ్లకు అలవాటవుతాయి. దారి సంగతి అలా కాదు. మూడోసారికే నేర్చుకోవాల్సింది అయిపోతుంది. ముప్ఫయ్యోసారి అదే దారిలో పరుగెత్తేవాడు ఆడుతున్నట్టు కాదు, జరిమానా కడుతున్నట్టు. చావుకు బరువుండాలి, కోపం చల్లారడానికి ఆ నడక పనికొస్తుంది అని సమర్థించేవాళ్లున్నారు. కాలేజీ సెలవుల్లో ఉన్నవాడికి ఆ మాట నిజమే కావచ్చు.

బెంగళూరు ఉద్యోగి రోజును దాని పక్కన పెట్టి చూడాలి. టామ్‌టామ్ సంస్థ 2023 లెక్క ప్రకారం ఈ ఊళ్లో 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అది సగటు. వాన పడిన సాయంత్రం సిల్క్‌బోర్డు జంక్షన్ దగ్గర ఇరుక్కున్నవాడికి సగటుతో పనేముంది? అలా రోజుకు రెండు రన్‌బ్యాక్‌లు చేసి, అన్నం తిని, పదింటికి కంట్రోలర్ పట్టుకున్నవాడికి మిగిలేది ముప్పావు గంట. అందులో సగం బెంచీ నుంచి బాస్ గదికి నడవడానికే పోతే అతనికి ఆట మిగలదు. ఆడే తీరు ఎంత బాగున్నా అంతే.

దీనికి జవాబు ఆ రకం ఆటల్లోంచే వచ్చింది. 2009లో ‘డీమన్స్ సోల్స్’, 2011లో ‘డార్క్ సోల్స్’తో ఈ రన్‌బ్యాక్‌కు పేరు తెచ్చిపెట్టిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థే, 2022లో ‘ఎల్డెన్ రింగ్’ చేసేటప్పుడు చాలా బాసుల గదుల పక్కనే మరికా గుంజలు పాతింది. చచ్చినవాడు అక్కడే లేవచ్చు. అంతమాత్రాన ‘ఎల్డెన్ రింగ్’ తేలికైన ఆటని ఎవరూ అనలేదు. 2018 నాటి ‘సెలెస్ట్’ ఇంకా ముందుకు వెళ్లింది. కొండెక్కే అమ్మాయి చచ్చిన క్షణంలోనే అదే తెరలో మళ్లీ నిలబడుతుంది. ఎన్నిసార్లు చచ్చారో ఆట లెక్కపెడుతుంది, ఆ లెక్క చూసి గర్వపడమనే చెబుతుంది. ఒక్కో తెర వంద చావులు అడిగేంత కఠినం. అయినా టైము దోచుకుంటోందన్న ఫిర్యాదు దాని మీద పెద్దగా వినపడదు. కష్టం, ఖర్చు రెండూ వేర్వేరని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అద్దాల బీరువాలో పింగాణీ కప్పులు

రన్‌బ్యాక్‌ను వెనకేసుకు రావడం కష్టం. విరిగే కత్తుల సంగతి అంత తేలిగ్గా తేలదు. 2017 మార్చిలో వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ను గొప్ప ఆటల్లో ఒకటిగా చెప్పుకునేవాళ్లు కూడా ఈ ఒక్క విషయం దగ్గర రెండు వర్గాలయ్యారు. అందులో దాదాపు ప్రతి ఆయుధమూ కొన్ని దెబ్బల తర్వాత ముక్కలైపోతుంది. విరగని మాస్టర్ సోర్డ్ సంపాదించుకున్నా, కాసేపటికి దాని శక్తి అయిపోయి పది నిమిషాలు పక్కన పెట్టాల్సి వస్తుంది.

ఎందుకిలా చేశారో ఊహించడం కష్టం కాదు. ఎటు బుద్ధి పుడితే అటు తిరగనిచ్చే లోకం అది. మొదటి గంటలోనే మంచి కత్తి దొరికి అది చివరిదాకా ఉండిపోతే, ఆ తర్వాత తెరిచే పెట్టెలన్నీ దండగే. కత్తులు విరుగుతుంటేనే ప్రతి పెట్టెకూ, ప్రతి శత్రువు చేతిలోని దుడ్డుకర్రకూ విలువ వస్తుంది. చేతిలో ఏమీ లేనప్పుడే ఆటగాడు కొండమీంచి బండరాయి దొర్లించాలనో, గడ్డికి నిప్పు పెట్టాలనో ఆలోచిస్తాడు. వట్టి కాగితం మీద చూస్తే ఇది తిరుగులేని తర్కం.

దెబ్బతిన్నది మనిషి స్వభావం దగ్గర. మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లోనే చెప్పినట్టు, వంద వచ్చినప్పటి సంతోషం కంటే వంద పోయినప్పటి బాధ ఎక్కువ. అందుకే ఆటగాడు మంచి కత్తిని వాడడు, దాస్తాడు. మన ఇళ్లలో పింగాణీ కప్పులు అద్దాల బీరువాలో ఉన్నట్టే. ఎవరో పెద్ద చుట్టం వచ్చినప్పుడు తీద్దామని ఉంచుతారు. చుట్టాలు వస్తూనే ఉంటారు, టీ మాత్రం స్టీలు గ్లాసుల్లోనే వస్తుంది. చివరి శత్రువును కూడా తుప్పుకత్తులతో కొట్టి, సంచీ నిండా మెరిసే ఆయుధాలతో ఆట ముగించినవాళ్లు ఎందరో. ధైర్యంగా వాడి పారేసేవాళ్లకు ఆ ఆట ఒక సంబరం, దాచుకునేవాళ్లకు రోజూ చిన్న నష్టం. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే నియమం.

2023 మేలో వచ్చిన ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’లో నింటెండో ఆ నియమాన్ని తీసెయ్యలేదు. ఆయుధాలు ఇప్పటికీ విరుగుతాయి. కాకపోతే చచ్చిన రాక్షసి కొమ్మునో, దారిలోని బండనో కర్రకు అతికించి కొత్త ఆయుధం చేసుకునే విద్య ఇచ్చారు. దాంతో విరిగినప్పుడు ‘అయ్యో పోయింది’ అనే మాట కాస్త తగ్గి, ‘ఈసారి ఏది అతికిద్దాం’ అనే మాట మొదలైంది. నష్టం అలాగే ఉంది, దాని ముఖం మారింది. ఇన్నేళ్లలో ఒక చిరాకును ఇంత తెలివిగా సరిచేసిన సందర్భాలు అరుదు. అయినా రాజీపడనివాళ్లు రాజీపడలేదు.

ఆటగాడి బద్ధకం మీద కొరడా

కొన్నిసార్లు చిరాకు పుట్టేది ఆటగాడి తప్పువల్లే, అతనికి ఆ సంగతి తెలియదంతే. ఫిరాక్సిస్ సంస్థ 2012లో తెచ్చిన, వంతులవారీగా సైనికుల్ని నడిపే ‘ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్’లో చాలామంది ఒకే పద్ధతి పట్టుకున్నారు. సైనికుల్ని రెండడుగులు జరపడం, తుపాకులు గురిపెట్టి ఆగడం, శత్రువు వస్తే కాల్చడం, మళ్లీ రెండడుగులు. గెలుపు ఖాయం, విసుగూ ఖాయం. సులువుగా గెలిచే దారి కనపడితే అది ఎంత నీరసంగా ఉన్నా మనిషి ఆ దారినే పడతాడు. 2016 నాటి ‘ఎక్స్‌కామ్ 2’లో తయారీదారులు చాలా మిషన్లకు గడువు పెట్టారు. ఇన్ని వంతుల్లో పని ముగించకపోతే ఓడిపోయినట్టే.

వెంటనే ఇల్లు రెండుగా చీలింది. ఒక వర్గం ఇప్పుడే ఇది అసలైన యుద్ధమైందంది. ఇంకో వర్గం ఆ గడువులు తీసేసే మాడ్‌లు (ఆటగాళ్లే ఆటకు చేసే మార్పులు) చేసుకుని ప్రశాంతంగా ఆడుకుంది. 2017లో ఆ ఆటకు తెచ్చిన అదనపు భాగంలో కంపెనీయే గడువు రెట్టింపు చేసుకునే వీలు కల్పించింది. మాడ్ పెట్టుకుని ఆడినవాళ్లను తప్పుపట్టడం అన్యాయం. నిదానంగా, బల్ల మీద చదరంగంలా ఆడుకోవాలనుకునేవాడికి అదే ఆనందం. కానీ గడువులో ఆడినవాళ్లు చూసిన ఆటను వాళ్లు చూడలేదన్నదీ అంతే నిజం.

అదే ఆటలో 95 శాతం అని రాసి ఉన్న గురి తప్పడం ఇంకో ప్రసిద్ధ చిరాకు. ఇరవైసార్లు కాలిస్తే ఒకటి తప్పాలి, గణితం అదే చెబుతుంది. మనసు మాత్రం 95ను వందగా చదువుకుంటుంది. 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ‘సివిలైజేషన్’ ఆటల రూపకర్త సిడ్ మెయర్ ఈ సంగతే వివరించాడు. మూడింతల బలంతో వెళ్లి ఓడిపోతే ఆటగాళ్లు మోసమన్నారు. తామే మూడోవంతు బలంతో వెళ్లి గెలిచినప్పుడు మాత్రం కిక్కురుమనలేదు. ‘ఎక్స్‌కామ్’ తేలిక స్థాయుల్లో తెర మీద చూపిన దానికన్నా నిజం అవకాశాలు ఆటగాడివైపు కొంచెం మొగ్గేలా లోపల సర్దారు. అంటే న్యాయంగా అనిపించడానికి అబద్ధం చెప్పాల్సి వచ్చింది! 2020 లాక్‌డౌన్‌లో ‘లూడో కింగ్’ ఆడిన ఇళ్లలో ‘ఈ పాచిక వాడికే ఆరు వేస్తోంది’ అని ఫోన్‌ను అనుమానించని పిన్నిగానీ బాబాయిగానీ ఉన్నారా? గవ్వల్ని మన చేత్తో విసిరితే దేవుణ్ని తిడతాం, ఫోన్ విసిరితే కంపెనీని తిడతాం.

సొరుగు తెరవడానికి పట్టే సమయం

2018 అక్టోబరులో వచ్చిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ను పట్టించుకోకుండా ఈ విషయం ముగించలేం. దానిమీద పనిచేసిన రాక్‌స్టార్ స్టూడియోల్లో బెంగళూరులోనిదీ ఒకటి. ఆ మరుసటి ఏడే ఆ సంస్థ, 1997లో ఇదే ఊళ్లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ను కొనేసింది. ఆటలో హీరో ఆర్థర్ మోర్గన్ బీరువా సొరుగులు ఒక్కొక్కటే తెరుస్తాడు. జింక తోలు వలుస్తుంటే మొత్తం చూడాల్సిందే. తన గుంపు బస చేసిన శిబిరంలో పరుగెత్తనివ్వరు, నడవాలి. గుర్రం మీద పావుగంట వెళ్లి ఒక మాట మాట్లాడి మళ్లీ పావుగంట వెనక్కి రావాలి.

ఈ నిదానమే ఆ కథకు ఊపిరని కొందరి వాదన. శిబిరంలో పరుగెత్తనిస్తే నిప్పుల దగ్గర కూర్చున్నవాళ్ల పాటలు, గొడవలు చెవినపడవు. వాళ్లు చెవిన పడకపోతే చివర్లో వాళ్లు పోయినప్పుడు ఏడుపు రాదు. ఇందులో చాలా నిజముంది. శిబిరం నడకకు ఈ సమర్థన సరిపోతుంది, సొరుగులకు సరిపోదు. మూడువందో సొరుగు తెరిచేటప్పుడు ఆర్థర్ గురించి కొత్తగా తెలిసేది సున్నా. ఒకే ఆటలో ఒకే నిదానం ఒకచోట అర్థం మోస్తుంది, ఇంకోచోట ఊరికే వేళ్లాడుతుంది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి అభిమానులు పొగుడుతారు, ప్రత్యర్థులు తిడతారు. ఆట అమ్మకాలు 7 కోట్ల కాపీలు దాటాయి కాబట్టి తిట్టినవాళ్లూ కొన్నారనుకోవాలి.

సేవ్ దగ్గర ఇంత మెలిక లేదు. 1996 నాటి ‘రెసిడెంట్ ఈవిల్’లో సేవ్ చెయ్యాలంటే టైపురైటర్‌కు ఇంకు రిబ్బన్ దొరకాలి. ఆ కొరతే భయాన్ని పెంచింది. 2018 నాటి ‘కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్’లో మనకు కావాలనుకున్నప్పుడు, ఒక రకం సారా తాగితే గానీ, లేదంటే సొంత పక్క మీద నిద్రపోతే గానీ సేవ్ కాదు. తప్పు చేసి వెనక్కి తిప్పుకునే అలవాటు మానిపించడానికిది మంచి మందే. కానీ కరెంటు పోతే? ఆఫీసు నుంచి ఫోనొస్తే? యూపీఎస్ లేని కంప్యూటర్ ముందు కూర్చుని, చిటుక్కున దీపం ఆరిన క్షణంలో ‘అబ్బా’ అని అరిచిన తరానికి ఈ ప్రశ్న విడమరచి చెప్పక్కర్లేదు. ‘కింగ్‌డమ్ కమ్’ తర్వాతి ప్యాచ్‌లో ఆటను ఆపి వెళ్లేటప్పుడు సేవ్ అయ్యేలా మార్చారు. వెళ్లిపోవచ్చు, వెనక్కి తిప్పుకోలేవు. ఈ తేడా మొదటిరోజే తట్టి ఉండాల్సింది. ఆటగాణ్ని భయపెట్టే హక్కు ఆటకుంది, కుర్చీకి కట్టేసే హక్కు లేదు.

మన కుర్రాళ్లకు బాగా తెలిసినది మాత్రం ‘జీటీఏ: వైస్ సిటీ’లో ఆ బొమ్మ హెలికాప్టర్. 2002 నాటి ఆట. తెలుగు ఊళ్ల ఇంటర్నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి ఆడారు. కట్టే భవనంలోకి చిన్న హెలికాప్టర్‌ను తోలుతూ, మెట్ల మధ్య దాన్ని పల్టీ కొట్టకుండా నిలబెడుతూ, గడువులోపల నాలుగు బాంబులు పెట్టాలి. పోతే మళ్లీ ఊరంతా తిరిగి ఆ మిషన్ మొదలయ్యే బండి దగ్గరికి వెళ్లాలి. అక్కడి రన్‌బ్యాక్‌కు టైముతో పాటు రూపాయలూ కట్టారు. 2021లో వచ్చిన కొత్త కూర్పులో మిషన్ పోతే అక్కడికక్కడే మళ్లీ మొదలుపెట్టే వీలు పెట్టారు. ఆలస్యంగానైనా.

చిరాకే సరుకైనప్పుడు

చిరాకుకూ చిల్లర నాణేలకూ సంబంధం ఇప్పటిది కాదు. వీడియో గేమ్ పార్లర్లలో ఆట ఎంత త్వరగా చంపితే గల్లాపెట్టెలో అన్ని నాణేలు. మూడే ప్రాణాలుండే పద్ధతి అక్కణ్నుంచే ఇళ్లలోకి వచ్చింది. టీవీకి తగిలించుకునే చవక క్యాసెట్లలో ‘కాంట్రా’ ఆడిన పిల్లలు ముప్ఫై ప్రాణాలిచ్చే మీటల వరసను ఎక్కాల్లా కంఠతా పట్టింది అందుకే.

ఫోన్లు వచ్చాక ఆ నాణెం వేషం మార్చుకుని తిరిగొచ్చింది. ‘క్యాండీ క్రష్ సాగా’లో ఐదు ప్రాణాలు. ఒకటి పోతే మళ్లీ రావడానికి 30 నిమిషాలు. అంతదాకా ఆగాలి, స్నేహితుల్ని అడగాలి, లేదా డబ్బు కట్టాలి. ఫోన్ గడియారాన్ని ముందుకు తిప్పి కంపెనీని బురిడీ కొట్టించిన పెద్దమ్మలకు ఏ హ్యాకర్లూ సాటిరారు. అంతకుముందు 2009లో జింగా తెచ్చిన ‘ఫామ్‌విల్’లో స్ట్రాబెర్రీ పంట 4 గంటల్లో చేతికొచ్చేది, వేళకు కోయకపోతే వాడిపోయేది. జింగా 2010లో బెంగళూరులో ఆఫీసు తెరిచింది. అదే ఊళ్లో, పొలంపని వద్దని కంప్యూటర్లు నేర్చుకుని వచ్చిన రాయలసీమ, కోస్తా బిడ్డలు తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి లేని పంట కోశారు. దీనికి నవ్వాలో ఏడవాలో వాళ్ల నాన్నల్నే అడగాలి.

ఇక్కడ చిరాకు పని వేరు. జెల్డాలో కత్తి విరిగితే నింటెండోకు పైసా రాదు, ఆటగాడు కొత్త ఉపాయం వెతుక్కుంటాడు. ఇక్కడ మాత్రం చిరాకు పెట్టినవాడే దానికి మందూ అమ్ముతున్నాడు. ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’లో 2012 నుంచి సైన్యం తయారవడానికి వేచి ఉండాల్సి వచ్చేది. 2025 మార్చిలో సూపర్‌సెల్ ఆ వేచిచూడడాన్ని పూర్తిగా ఎత్తేసింది. అది ఆటకు మూలస్తంభమే అయితే అంత తేలిగ్గా పీకెయ్యడం కుదిరేది కాదు.

నలుగురున్న గదిలో

ఒంటరిగా ఆడే ఆటల్లో ఈ గొడవకు ఐచ్ఛికాలతో కొంత సర్దుబాటు ఉంది. ‘సెలెస్ట్’లో సహాయ పద్ధతి పెట్టుకుంటే ఆట వేగం తగ్గించుకోవచ్చు, చావే లేకుండా చేసుకోవచ్చు. 2020 నాటి ‘హేడీస్’లో గాడ్ మోడ్ పెట్టుకుంటే దెబ్బలు 20 శాతం తగ్గుతాయి, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం, అలా 80 దాకా. ఓడినకొద్దీ చెయ్యి అందించే ఆట అది. దీనికి పూర్తి విరుద్ధం 2019 నాటి ‘సెకిరో’. కష్టం స్థాయి ఎంచుకునే వీలు లేదు, సాయానికి ఎవర్నీ పిలవలేం. ఆ ఏటి ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆట అదే. అందరూ ఒకే కొండ ఎక్కామన్న భావన కావాలనుకునేవాళ్లకు ఆ మొండితనమే విలువైంది. ఎక్కలేక మధ్యలో దిగిపోయినవాళ్లు డబ్బు మాత్రం పూర్తిగానే కట్టారు.

పదిమంది కలిసి ఆడేచోట ఐచ్ఛికాలు కూడా పనికిరావు, ఒకరి సౌకర్యం ఇంకొకరి నెత్తిమీద పడుతుంది. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’లో నైపుణ్యాన్ని బట్టి ప్రత్యర్థుల్ని కలపడం మీద బాగా ఆడేవాళ్లకు ఏళ్లతరబడి కోపం ఉండేది: పని నుంచి వచ్చి సరదాగా ఆడదామంటే ప్రతి మ్యాచూ ఫైనల్లా ఉంటోందని. 2024లో యాక్టివిజన్ తాను చేసిన పరీక్ష ఫలితాల్ని బయటపెట్టింది. నైపుణ్యాన్ని తక్కువగా పట్టించుకునేలా మార్చి చూస్తే, పై పది శాతాన్ని మినహాయించి మిగతావాళ్లలో తిరిగి ఆడటానికి వచ్చేవాళ్లు తగ్గారు. ఈ లెక్క వేసింది కంపెనీయే కాబట్టి కొంత అనుమానంతో చదవాల్సిందే. లెక్క నిజమే అయినా పై పది శాతం చిరాకు తగ్గలేదు. మిగతావాళ్ల కోసం వాళ్లు కట్టిన ధర అది. కాల్చుకుంటూనే గోడలు కట్టుకునే ‘ఫోర్ట్‌నైట్’ అయితే 2022 మార్చిలో గోడలు కట్టే పనే లేని ఆటను వేరుగా పెట్టి వేరుకాపురం పెట్టించింది. కట్టేవాళ్లు కట్టుకుంటున్నారు, కాల్చుకునేవాళ్లు కాల్చుకుంటున్నారు.

వేరుకాపురం కుదరని చోటు పీజీ గదిలో ఉన్న ఒకే టీవీ. 1996 నాటి కార్ల పందెపు ఆట ‘మారియో కార్ట్ 64’ నుంచి ఉన్న నీలి చిప్ప అందరికంటే ముందున్నవాణ్ని వెతుక్కుంటూ వెళ్లి పేలుస్తుంది. ముందున్నవాడు చేసిన తప్పేమీ లేదు, ముందుండటమే తప్పు. అచ్చం పెద్దపామే. 2014 నాటి ‘మారియో కార్ట్ 8’లో దాన్ని పేల్చేసే కొమ్ముబూర ఒకటి పెట్టారు గానీ అది అవసరమైనప్పుడు చేతికి రాదు. బాగా ఆడేవాడు బూతులు తిడతాడు. నిన్నగాక మొన్న కంట్రోలర్ పట్టుకుని, ఎనిమిదో స్థానంలో దేక్కుంటూ వచ్చేవాడికి అదొక్కటే ఆశ. అది లేకపోతే మూడో ఆటకే వాడు లేచి ఫోన్ చూసుకోవడం మొదలుపెడతాడు, నలుగురి ఆట ముగ్గురిదవుతుంది. బాగా తెలిసినవాడు చివరి చుట్టులో చేసే పని ఒకటుంది. వెనకాల ఎవరి చేతిలోనో నీలి చిప్ప కనపడగానే గీతకు కాస్త ముందు బ్రేకు వేసి, రెండోవాణ్ని మర్యాదగా ముందుకు పోనిస్తాడు.